లైన్లో నిలబెట్టిన సెలవులు

బార్నబీ దీవిలో ఎన్నాళ్ళుండాలన్న తగువు మాకు దీవి మీద మొదలవలేదు. జూలై నెలలో, మా వంటింట్లో, పెనం మీద ప్లోయ్ అట్టుకి చిల్లులు పడుతుండగా మొదలైంది.

"ఓ పగలు, ఓ రాత్రి. చాలు," అన్నాడు మా ఆయన నార్మండ్. "దీవంటే ఎంతుంటుంది? మన బంగాళాదుంప చేలన్నీ కలిపితే అంతకన్నా ఎక్కువే. వాటి చుట్టూ నేను రోజూ తిరగట్లా?"

"నువ్వు తిరిగేది తెగులు కోసం. నేను తిరగాలనుకునేది నా కళ్ళ కోసం. వారం ఉందాం."

"వారమా!" చేతిలో ఫోర్కు కింద పెట్టేశాడు. "ఆ వారంలో ఆకుమాడు తగిలిందంటే చేను చేనంతా నల్లగా కూర్చుంటుంది. అప్పుడు నీ కళ్ళతో దాన్నే చూసుకుందువు గాని."

బల్ల చివర మా ఆయన మేనత్త ఆల్ఫ్రెదా కూర్చుని అట్టుకి వెన్న రాసుకుంటోంది. మా వైపు మేనత్తని మతాంత్ అంటాం. ఆవిడకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, మొహమాటం అసలే లేదు. మేం ఎక్కడికి వెళ్ళినా వెనక సీటు ఆవిడదే.

"ఆ దీవిలో బింగో ఆడతారా?" అని అడిగింది.

"ఆడరనుకుంటా మతాంత్," అన్నాను.

"అయితే ఓ పూట చాలు. ఆడేమాటైతే వారం."

ఇలా వారం రోజులు కొట్టుకుని మూడు రాత్రుల దగ్గర బేరం తెంచాం. అది కూడా నార్మండ్ తమ్ముడు లూసియన్ రోజూ పొద్దున చేలు చూస్తానని ఒట్టేశాకే. మాది మేన్ రాష్ట్రానికి ఉత్తరపు కొస. ఇంటి వెనక నది దాటితే కెనడా. దుంప మొక్కలకి మట్టి ఎగదోసిన తర్వాత, తవ్వకాలు మొదలుకాక ముందు, ఆగస్టులో నాలుగు రోజులు ఊపిరి ఆడుతుంది మాకు. ఆ నాలుగు రోజులు పోతే మళ్ళీ ఏడాది దాకా లేవు.

నేను బార్నబీయే ఎందుకు పట్టుకున్నానంటే, దానికి కథ ఉంది. మా పెళ్ళయిన ఆగస్టులో అక్కడికే వెళ్ళాం. పొద్దున దిగాం, సాయంత్రం తిరిగొచ్చాం. ఆ దీవికి ఇటు రేవున్న వైపు నీళ్ళు చెరువులో నీళ్ళలా కదలకుండా ఉంటాయి. అసలు సముద్రం అటు పక్కన. మధ్యలో స్ప్రూస్ చెట్ల గుట్ట. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ గుట్టెక్కాం. పైకి చేరేసరికి అటు నుంచి ఒక చప్పుడు వినపడింది. ట్రక్కు వెనక తలుపు తీసి దుంపలు ఒక్కసారి దొర్లించినట్టు. కాసేపు ఆగి, మళ్ళీ. అదేమిటో చూద్దామని నేను అడుగు వేశానో లేదో, కింద రేవులో ఫెర్రీ కూత వేసింది. "అదే ఆఖరిది కొరీన్, పద. వచ్చే ఏడు వచ్చి చూద్దాం. నేనే తీసుకొస్తా," అన్నాడు నార్మండ్.

ఆ వచ్చే ఏడు వచ్చేసరికి మా పెద్దపిల్ల నర్సు ఉద్యోగంలో చేరింది.

సముద్రం ఎక్కడైనా సముద్రమే కదా, ఏ ఒడ్డుకి వెళ్ళినా కనబడుతుంది కదా అని మా అక్కచెల్లెళ్ళు అంటారు. నిజమే. కానీ నేను సగం విని వదిలేసి వచ్చింది అక్కడే. నా మొగుడు మాట ఇచ్చిందీ అక్కడే. ఆ గుట్ట అటు దిగాలి, పక్కన ఆయనుండాలి. నాకు కావలసింది అంతే.

అప్పట్లో పిల్లలం కాబట్టి నడిచాం. ఇప్పుడు నా కుడి మోకాలు గుట్ట ఎక్కనిస్తుంది గాని, అటు దిగి మళ్ళీ ఎక్కమంటే ఒప్పుకోదు. ఫరవాలేదు, ఈసారి కారుంది. కొత్త బ్యూక్. ఇంకా లోపల కొత్త వాసన పోలేదు. అందుకే ఇంత ధైర్యంగా బయల్దేరాను.

దీవి మీద దిగగానే రేవు పక్కన ఒక వింత కనబడింది. రోడ్డు వారగా కార్లు, పికప్పులు ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాన్లోనూ మనిషి లేడు.

"ఇదేంటి?" అని ఫెర్రీ మనిషిని అడిగాడు నార్మండ్.

"తిరిగి వెళ్ళేవాళ్ళ లైను," అన్నాడు ఆ మనిషి తాడు చుట్టుకుంటూ. "ఫెర్రీలో పట్టేది తొమ్మిది కార్లు. ముందుగా చీటీలు ఇవ్వం. వెళ్ళాలనుకున్నవాళ్ళు ముందురోజే కారు తెచ్చి ఇక్కడ పెట్టుకుంటారు. ఒక ఫెర్రీ వెళ్ళగానే మిగిలినవి ముందుకి జరగాలి. జరగని కారుని వెనకవాళ్ళు దాటేస్తారు. మొదటికొచ్చి కూడా ఎక్కకపోతే మళ్ళీ తోకకి పోవాలి. అంతే రూలు."

నేను మా ఆయన మొహం చూశాను. నాకు గుండెల్లో రాయి పడింది. ఎప్పుడో తప్పిపోయిన చుట్టం ఎదురైనట్టు వెలిగిపోతోంది ఆ మొహం.

లైనంటే మా ఆయన వాళ్ళ లిజాట్ వంశానికి ఏమిటో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. తవ్వకాల రోజుల్లో ఫ్యాక్టరీ ముందు దుంప ట్రక్కులు మైలు పొడుగున నిలబడతాయి. మా మామగారు ఒక ఏడాది, 'పై' అనే తీపి వంటకం ఓ ముక్క తిని వద్దామని ట్రక్కు దిగి హోటల్లోకి వెళ్ళాడు. వచ్చేసరికి వరస కదిలిపోయింది. వెనక్కి పొమ్మన్నారు. ఆ రాత్రి చలికి ట్రక్కులో లోడు లోడంతా గడ్డకట్టి పనికిరాకుండా పోయింది. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ తీపి ముట్టలేదు. కొడుకులకి జపమాల కన్నా ముందు నేర్పిన పాఠం ఒకటే: లైన్లో ఉన్న బండిని వదిలి కదలకూడదు.

పెట్టెలు దించనైనా దించకుండా నార్మండ్ కారు తిప్పి ఆ వరస తోకన పెట్టేశాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"చోటు పట్టాను."

"ఇప్పుడేగా దిగాం!"

"అందుకే. అందరూ వెళ్ళేరోజున తెలివి తెచ్చుకుంటారు. మనం వచ్చినరోజే తెచ్చుకున్నాం."

"మనం వెళ్ళేది ఇంకో మూడు రాత్రులయ్యాక. ఈ లోపల అటు పక్కకి ఎలా వెళ్తాం? నీ వీపు మీదా?"

"చూద్దాంలే," అన్నాడు. ఆ మాట మా ఇంట్లో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొత్త పొయ్యి అడిగినా అదే, వంటింటి పైకప్పు కారుతోందన్నా అదే.

వెనక నుంచి పికప్పు ఒకటి వచ్చి మా బంపర్‌కి ఆనుకునేంత దగ్గరగా ఆగింది. ఎరచేపల కంపు గుప్పుమంది. అందులోంచి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఆడమనిషి దిగింది. పేరు డార్లీన్ బీల్. మొగుడూ పెళ్ళాం లాబ్‌స్టర్లు పడతారట. కీ పికప్పులోనే వదిలేసి, ఇంటికి నడిచి వెళ్ళిపోబోతూ మమ్మల్ని చూసి ఆగింది.

"కీ దానికే ఉంచేసి మీరు దీవంతా తిరిగి రండమ్మా. లైను కదిలితే మీ కారు నేను జరుపుతా, నాది నా వెనకవాడు జరుపుతాడు. ఇక్కడ అందరం అంతే."

నాకు ప్రాణం లేచొచ్చింది. కారు లేకపోయినా కనీసం మా ఆయన దొరుకుతాడు, ఏదో బండి అడుక్కుని వెళ్ళొచ్చు అనుకున్నాను. నార్మండ్ మర్యాదగా టోపీ ఎత్తి, "కొత్త కారండీ. నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు," అన్నాడు. ఆవిడ నవ్వి వెళ్ళిపోయింది.

"ఇంటి దగ్గర ట్రాక్టరు కీ ఏడాది పొడుగునా ట్రాక్టరుకే వేలాడుతుంటుంది. మన వీధి తలుపుకి తాళమే లేదు," అన్నాను.

"అక్కడంతా మనవాళ్ళు."

"ఇక్కడ ఎత్తుకుపోయి ఎక్కడ దాస్తారు? చుట్టూ నీళ్ళు!"

కీ జేబులో వేసుకుని పైనుంచి తట్టుకున్నాడు.

మేం గది తీసుకున్న ఇల్లు రేవుకి ఎదురుగానే ఉంది. కిటికీలోంచి లైను కనబడేలా మంచం జరిపించాడు నార్మండ్. ఆ సాయంత్రం ఫెర్రీ వెళ్ళగానే పరిగెత్తి కారు ముందుకి జరిపి, గెలిచిన మొహంతో తిరిగొచ్చాడు. నేను ఒక్కదాన్నీ రోడ్డు వెంట పాత రాతి క్వారీ దాకా నడిచాను. క్వారీ గుంటలో నీళ్ళు నిండి పచ్చగా ఉన్నాయి. పిల్లలు దూకుతున్నారు. బాగానే ఉంది. కానీ చూసి చెప్పడానికి పక్కన ఎవరూ లేకపోతే బాగున్నది కూడా కాసేపటికి విసుగే. కోపం అణుచుకుంటూ వెనక్కొచ్చాను.

మర్నాడు పొద్దున ఫెర్రీ వెళ్ళి కారు జరిపాక, పట్టుబట్టి మా ఆయన్ని నడిపించాను. మతాంత్ రానంది. క్రోషియా సంచి తెచ్చుకుని బ్యూక్ వెనక సీట్లో కూర్చుని, తలుపు తీసి ఉంచింది. అప్పటికే అక్కడ ఆవిడకి స్నేహాలు కలిసిపోయాయి. కార్లు చూసుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ తలుపు దగ్గర ఆగుతున్నారు.

"మీరు పోయి రండి పిల్లా. పోస్టాఫీసు పిల్ల నిశ్చితార్థం ఎందుకు చెడిందో ఈయనిప్పుడే చెప్పబోతున్నాడు," అంది ఒక ముసలాయన్ని చూపించి.

నార్మండ్ నడిచినంతసేపూ మెడ వెనక్కే ఉంది. రోడ్డు వంపు తిరిగి లైను కనబడకుండా పోగానే చేతి గడియారం చూడ్డం మొదలుపెట్టాడు. గుట్ట మొదట్లో ఒకసారి, సగంలో ఒకసారి.

"అటు చెట్టు మీద పిట్ట చూడు," అన్నాను.

"ఆఁ, బావుంది," అన్నాడు గడియారం వంక చూస్తూ.

గుట్ట మీదికి చేరాం. స్ప్రూస్ చెట్లు అప్పటికన్నా ఎత్తు పెరిగాయి. జిగురు వాసన మాత్రం అదే. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. వినపడింది. అటు నుంచి అదే చప్పుడు. దుంపలు దొర్లించినట్టు. ఆగి, మళ్ళీ.

"విన్నావా?" అన్నాను.

ఆయన కూడా చెవి పెట్టాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ మొహంలో పెళ్ళినాటి కుర్రాడు కనిపించాడు. అంతలో కింద రేవులో ఫెర్రీ కూత.

"మధ్యాహ్నం ఫెర్రీ! లైను కదులుతుంది!"

"నార్మండ్, వద్దు."

"నువ్వు దిగి చూసిరా. నేను కారు జరిపి ఇక్కడికే వస్తా."

"ఈ మోకాలితో దిగితే నన్నెవడు పైకి మోసుకొస్తాడు?"

"అయితే రేపు."

"రేపు ఫెర్రీ లేదా? రేపు కూత వెయ్యదా?"

నా మాట సగంలోనే ఉంది, ఆయన వంపు దిగిపోయాడు. అంత పెద్ద మనిషి, అంత పొట్టతో, బూట్లు టకటకలాడించుకుంటూ పరిగెత్తాడు. నేను అదే గుట్ట మీద, అదే చోట, అదే చప్పుడు వింటూ నిలబడ్డాను. అప్పుడు కనీసం నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఈసారి అదీ లేదు. కాలి దగ్గర ఉన్న పుట్టగొడుగుని తన్నాను. అది పాపం ముక్కలైంది. నా కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రానికి మా కారు లైన్లో మొదటికొచ్చింది. ఫెర్రీ మనిషి రా రమ్మని చెయ్యి ఊపాడు.

"మేం ఇవాళ కాదు, ఎల్లుండి," అన్నాడు నార్మండ్.

"అయితే పక్కకి తీసి తోకకి పొండి."

నాకు ఆశ పుట్టింది. "ఎలాగూ తీస్తున్నావు కదా. ఓ అరగంట అటు పక్కకి పోనియ్. చూసొచ్చి తోకన పెట్టుకుందాం. ఎప్పుడు పెట్టినా తోక తోకేగా!"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పెదవి కొరుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఎవరిదో పికప్పు లైను వైపు వస్తూ కనబడింది. అంతే. నార్మండ్ స్టీరింగు గిర్రున తిప్పి, దానికన్నా ముందు వెళ్ళి తోకన ఆగాడు. బ్రేకు వేసి నా వంక చూసి, "చూశావా, ఒక్క నిమిషం ఆగుంటే ఒక చోటు వెనక్కి," అన్నాడు.

"అదృష్టవంతురాలిని," అన్నాను.

వెనక సీట్లో మతాంత్ అల్లిక ఆపకుండానే, "ఒరే నార్మండ్, నాకు దీవి మొత్తం బాగా నచ్చిందిరా. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూపించావు. ఇంకోసారి మొదలుపెట్టాం కదా, ఈసారి అవతలి కిటికీ వైపు మారతా," అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వానన్న కోపంతో ఆ రాత్రి మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు, లైను కనబడేలా.

మూడోరోజు మధ్యాహ్నానికి కారు మళ్ళీ మొదటికి దగ్గరైంది. మేం వెళ్ళాల్సింది మర్నాడు. నేను ఇంక ఏమీ అడగలేదు. అడిగి అడిగి నోరు ఎండిపోయింది. లూసియన్‌కి ఫోన్ చేసొస్తానని నార్మండ్ రేవు ఆఫీసు పక్కనున్న కాయిన్ బాక్సు దగ్గరికి వెళ్ళాడు. సెల్‌ఫోన్లు అప్పటికి మా మనుషుల చేతుల్లోకి రాలేదు. వెళ్తూ వెళ్తూ జేబులోంచి కీ తీసి, బరువైన వస్తువు ఇస్తున్నట్టు నా చేతిలో పెట్టాడు.

"లైను కదిలితే జరుపు. గేరు మెల్లిగా వెయ్యి. ముందుకి మాత్రమే."

నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను, వెనక సీట్లో మతాంత్ మామూలే. లైను కదిలింది. జరిపాను. మళ్ళీ కదిలింది. మళ్ళీ జరిపాను. ఇప్పుడు నా ముందు ఒక్క కారు లేదు. ఎదురుగా నోరు తెరుచుకున్న ఫెర్రీ, పక్కన చెయ్యి ఊపుతున్న మనిషి.

కాయిన్ బాక్సు దగ్గర నుంచి నార్మండ్ పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చేతులు రెండూ ఫెర్రీ వైపు చూపిస్తూ అరుస్తున్నాడు. "ఎక్కించు! ఎక్కించు కొరీన్! ఇంటి దగ్గర వానట! మనం ఇప్పుడే పోవాలి! పెట్టెలు గది ఇచ్చినావిడ తర్వాత పంపిస్తుంది!"

కారు అద్దంలోంచి ఆయన్ని చూశాను. ఫెర్రీ నోటి వంక చూశాను. ఇది ఎక్కానంటే ఇంక ఆ గుట్ట దిగేది లేదు. మళ్ళీ ఒక "వచ్చే ఏడు". అప్పటికి ఈ మోకాలు గుట్ట పైకి కూడా ఎక్కనివ్వదు.

"మతాంత్, గట్టిగా పట్టుకో," అన్నాను.

"నేను దిగుతానాగు," అందావిడ. దిగింది కూడా. తను వెంట తెచ్చుకున్న మడత కుర్చీ డిక్కీలోంచి లాగి, కారు పక్కనే, లైను మొదట్లో వేసుకుని కూర్చుంది. "మీ చోటు నేను పట్టుకుంటా. పొండి."

"కుర్చీలు లెక్కలోకి రావమ్మా," అన్నాడు ఫెర్రీ మనిషి.

"దాని మీద నేనున్నాగా, నన్ను లెక్కెయ్యి," అంది మతాంత్. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి మరీ నవ్వారు.

నేను స్టీరింగు ఎడమకి తిప్పాను. కారు లైనులోంచి బయటికొచ్చింది. ఎదురుగా వచ్చిన నార్మండ్ పక్కన ఆపి, తలుపు తోశాను.

"ఏం చేస్తున్నావ్! మొదటి చోటు!"

"ఎక్కుతావా?"

"కొరీన్, మొదటి చోటది!"

"ఎక్కుతావా, లేదా?"

ఆయన ఫెర్రీ వంక చూశాడు, కారు వంక చూశాడు. ఎక్కాడు. నా కోసం ఎక్కలేదని నాకు తెలుసు. కొత్త కారు ఒంటరిగా ఆడదాని చేతిలో పోతోందని ఎక్కాడు. సరే, ఎందుకోసమైతేనేం, ఎక్కాడు.

గుట్ట ఎక్కేదాకా ఒకటే సణుగుడు. గుంతలు చూసుకో, రాళ్ళు చూసుకో, రెండో గేరు, రెండో గేరు. గుట్ట పైన నేను ఆగలేదు. అటు దిగుతుంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంతలోనే అవి వట్టి కోపం కిందకి మారిపోయాయి. ఎందుకంటే కింద ఏమీ లేదు. పొగమంచు. తెల్లగా, దట్టంగా, దుప్పటి కప్పినట్టు. రోడ్డు ఎక్కడైపోయిందో కూడా చక్రాల కింద గులకరాళ్ళు గరగరలాడితేనే తెలిసింది.

కారాపి దిగాం. చప్పుడు మాత్రం ఇప్పుడు చెవి పక్కనే ఉంది. దుంపలు దొర్లినట్టు. ఎంత దగ్గరగా ఉందంటే కాళ్ళ కింద నేల అదిరింది. చూపు మాత్రం చెయ్యి చాచినంత దూరమే.

"అయిపోయింది. చూశావుగా, పద," అన్నాడు నార్మండ్.

"ఏం చూశాను?"

"ఉన్నదే చూశావు. నేనేం చెయ్యను, మంచు నేను పోశానా?"

"పొద్దున ఎండగానే ఉంది. నిన్న ఎండగానే ఉంది. మొన్న ఎండగానే ఉంది. ఆ ఎండంతా లైన్లో పోశావు!" తడి రాయి మీద కూర్చుండిపోయాను. "ఇది విడిచేదాకా నేను కదలను. నీకు ఇంటి దగ్గర వానైతే నువ్వు ఈదుకుంటూ పో."

ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. గులకరాళ్ళ మీద బూట్ల చప్పుడు. తర్వాత వచ్చి పక్కన నిలబడ్డాడు. మతాంత్ కట్టిచ్చిన డబ్బా నేను కారులోంచి తెచ్చుకున్నాను. పొద్దుటి ప్లోయ్ అట్లకి క్రెటాన్ రాసి చుట్టింది. పంది మాంసంతో చేస్తారు మా వైపు. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. అలిగినా తిండి దగ్గర మేం వేరుపడం.

"వాన లేదు," అన్నాడు నములుతూ.

"ఏంటి?"

"ఇంటి దగ్గర వాన లేదు. లూసియన్ చేలన్నీ బాగున్నాయన్నాడు. ఫోన్లు చేసి తన పని చెడగొట్టొద్దన్నాడు."

"మరి ఎందుకన్నావ్?"

చాలాసేపు నమిలాడు. "మొదటికొచ్చింది కారు. రెండోసారి. మొదటికొచ్చి వెనక్కి పోవడమంటే... నిన్న పోయాను కదా, రాత్రంతా నిద్రపట్టలేదు. నాన్నే గుర్తొచ్చాడు."

తిడదామని నోరు తెరిచాను. అబద్ధానికి తిట్టాలా, మూడు రోజులు తగలేసినందుకు తిట్టాలా తేల్చుకునేలోపు ఎదురుగా మంచు కదిలింది. పొయ్యి మీద మూత తీస్తే ఆవిరి లేచినట్టు కింద నుంచి పైకి లేచింది. ముందు నురగ కనబడింది. తర్వాత అల. మా ధాన్యపు కొట్టం అంత ఎత్తున, నల్లగా, తొందరేమీ లేనట్టు వచ్చి పడింది. వెనక్కి పోతూ పోతూ గులకరాళ్ళని లాక్కుపోయింది. అదన్నమాట ఆ చప్పుడు. ఒడ్డు పొడుగునా రాళ్ళు. పిడికిలంత రాళ్ళు, తలకాయంత రాళ్ళు, కంటికి ఆనినంత దూరం రాళ్ళు. అలతో పాటు దొర్లుతూ, ఆగుతూ, మళ్ళీ దొర్లుతూ.

నార్మండ్ అట్టు చేత్తో పట్టుకునే వంగి చూశాడు.

"రాళ్ళు," అన్నాడు చివరికి నార్మండ్.

"రాళ్ళే."

"ఇన్నాళ్ళూ నన్ను పీక్కుతిన్నది ఈ రాళ్ళ కోసమా? మన చేలో లేవా?"

మా చేలో ఉన్నాయి. చలికాలం పోయేసరికి నేల ప్రతి ఏడూ కొత్త రాళ్ళని పైకి తోస్తుంది. దున్నిన ప్రతి వసంతంలో వంగి వంగి వాటిని ఏరి గట్టున పోస్తాం. నా మోకాలు పోయింది ఆ రాళ్ళ దగ్గరే.

"ఉన్నాయి. కానీ ఇవి నేను ఏరక్కర్లేదు," అన్నాను.

ఆయన నా వంక అదోలా చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. నా పక్కన రాయి మీద కూర్చున్నాడు. భుజం భుజానికి ఆనింది. ఇంకో అల వచ్చి పడింది. నాకు అనిపించింది, మొత్తానికి దిగాం గుట్ట, ఇద్దరం. పెళ్ళినాటి మాట ఇన్నాళ్ళకి, ఇంత వంకరగా, ఇంత సణుగుడుతో తీరింది.

ఆ కూర్చోవడం ఎంతసేపనుకున్నారు? అట్టు అయిపోయేదాకా. అట్టు కాగానే ఆయన మోకాళ్ళు ఊగడం మొదలైంది. గడియారం చూశాడు. గుట్ట అవతల నుంచి ఫెర్రీ కూత సన్నగా వినబడింది. సగం లేచాడు. నేను లేవలేదు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.

నేను సముద్రం చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి పక్కన ఠకామని చప్పుడు. మళ్ళీ ఠకామని. తిరిగి చూశాను. నార్మండ్ వంగి కాళ్ళ దగ్గరున్న రాయి ఎత్తాడు. చేతిలో ఆడించి, ఏరినట్టే ఏరి, వారగా వేశాడు. ఇంకోటి ఎత్తాడు. అప్పటికే చిన్న కుప్ప పడింది. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. చేతులు ఊరికే ఉండలేవు, అంతే.

"నార్మండ్, సెలవులు!" అనబోయాను. నాలిక చివర దాకా వచ్చింది. ఆగాను. రాళ్ళు ఏరుతున్నంతసేపూ ఆ మనిషి గడియారం చూడటం లేదు.

"ఇంకా ఎంతసేపు కొరీన్?" అన్నాడు మళ్ళీ, ఈసారి వంగే ఉండి, నా వంక చూడకుండా.

ఒడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూశాను.

"ఆ రాళ్ళు పూర్తి చెయ్యి," అన్నాను. "అవి కాగానే పోదాం."